కరెంటు డోలు ఎప్పుడూ లేటు కాదు

మొన్నటి వీడియోలో భద్రకాళి అమ్మవారి శాకంబరీ అలంకారం గురించి మాట్లాడుకున్నాం కదా. ఎడిటింగ్‌లో తీసేసిన భాగం ఒకటుంది. రెండు నిమిషాల్లో చెప్తే తేలిపోతుందని తీసేశాం, అందుకే ఇక్కడ రాస్తున్నా. అది అలంకారం గురించి కాదు. అలంకారం చూస్తున్నప్పుడు వెనకాల వినపడే మేళం గురించి.

వరంగల్, హనుమకొండ కాలనీల్లో చిన్న గుళ్లకు వెళ్లినవాళ్లు ఈ వస్తువుని చూసే ఉంటారు. ఒక ఇనుప స్టాండు, దానికి డోలో నగారానో, పైన నాలుగు గంటలు, కింద మోటారు. హారతి టైముకి పూజారిగారు ఒక చేత్తో స్విచ్ వేస్తారు, ఇంకో చేత్తో హారతి ఎత్తుతారు. ధన్ ధన్‌మని మొదలవుతుంది. హారతి దించగానే స్విచ్ ఆఫ్. నాకు ఆ మిషన్ మీద కోపమేమీ లేదు. గుడికి ఆదాయం ఉండదు, వాయించేవాళ్లు దొరకరు. ఊడ్చేది, కడిగేది, నైవేద్యం వండేది, పూజ చేసేది అన్నీ ఆ ఒక్క పూజారే. ఆయనకి అదొక సాయం.

కానీ అది మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. వాద్యకారుడిలో మనం మెచ్చుకునేది చెప్పిన టైముకి నమ్మకంగా రావడమే అయితే, ఆ మిషన్‌ని మించిన వాద్యకారుడు లేడు. లేటు రాదు. బయానా అడగదు. జ్వరం రాదు. ఇంకోచోట రెట్టింపు ఇస్తున్నారని వెళ్లిపోదు. "ఇవాళ మూడ్ లేదు బ్రో" అనదు. మరి దాన్ని మనం భక్తుడు అని ఎందుకు అనం?

నవ్వొచ్చే ప్రశ్నే. కానీ నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు అంత తేలిగ్గా నవ్వు రాదు. మా దగ్గర నమ్మకాన్ని శాతాల్లో కొలుస్తారు. ఒక సర్వర్ 99.9 శాతం టైమ్ పనిచేస్తుంది అంటే, ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోయినా పర్వాలేదని ఒప్పుకున్నట్టు. చాలా పనులకి అది మంచి లెక్కే. ఈ లెక్కని పెళ్లిలో డోలు వాయించే మనిషికి వేసి చూడండి. మూడు గంటలు బ్రహ్మాండంగా వాయించి, తాళి కట్టే ఒక్క నిమిషం మాత్రం టీ తాగడానికి బయటికి వెళ్లాడనుకోండి. శాతం లెక్కలో 99 దాటేశాడు. పెళ్లివాళ్ల లెక్కలో సున్నా.

మన పెళ్లిళ్లలో అసలు సుముహూర్తం జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. తర్వాత మాంగల్యధారణ. రెండుచోట్లా మేళం ఉధృతంగా మోగాలి. పురోహితుడు చెయ్యి ఎత్తుతాడు, లేదా "గట్టిమేళం" అని ఒక్క కేక. అంతే, అప్పటిదాకా మెల్లగా ఏదో కీర్తన వాయిస్తున్నవాళ్లు ఎక్కడున్నా అక్కడే వదిలేసి ఒక్కసారిగా ఎత్తుకోవాలి. ఆ టైములో తుమ్ములు, అశుభం మాటలు వినపడకూడదని అలా వాయిస్తారని పెద్దవాళ్లు చెప్తారు. ఈసారి పెళ్లికి వెళ్తే మీరు పెళ్లికూతురిని కాసేపు వదిలేసి డోలు వాయించే ఆయన కళ్లు చూడండి. చేతులు తాళంలో ఉంటాయి. కళ్లు మాత్రం పురోహితుడి చెయ్యి మీద ఉంటాయి. ఫోటోగ్రాఫర్ అడ్డం వస్తాడు, మేనమామలు అడ్డం వస్తారు, డ్రోన్ కింద నుంచి పోతుంది. ఆయన మెడ పక్కకి వంచి మళ్లీ ఆ చెయ్యినే వెతుక్కుంటాడు. రీటేక్ లేని పని అది.

పైకి కనపడని పని ఇంకోటుంది. మనం మాటవరసకి సన్నాయి అని పిలిచేది ఎక్కువసార్లు నాదస్వరమే. దాని మూతికి పెట్టే పీక చాలా సున్నితమైన వస్తువు. ఎండ ఎక్కువైనా, తేమ ఎక్కువైనా దాని పలుకు మారిపోతుంది. అందుకే వాద్యానికి రెండు మూడు పీకలు తాడుతో వేలాడుతూ ఉంటాయి, చూసేవాళ్లు అలంకారం అనుకుంటారు. అవి స్పేర్లు. డోలు వాయించేవాళ్లు ఒక చేతి వేళ్లకి గట్టి తొడుగులు వేసుకుంటారు, ఇంకో చేత్తో పుల్ల. మే నెలలో మన వరంగల్ ఎండలో, ఏసీ సగమే పనిచేసే ఫంక్షన్ హాల్లో, ఆ తొడుగుల కింద వేళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. హంటర్ రోడ్డు మీద ఒకే రాత్రి వరసగా ఎన్ని హాళ్లు వెలుగుతుంటాయో మీకు తెలుసు. ప్రతి హాల్లో ఇలాంటి నలుగురైదుగురు ఉంటారు. బయట బరాత్‌లో బ్యాండ్ మేళం వాళ్లు వేరే. క్లారినెట్, ట్రంపెట్, సైడ్ డ్రమ్, మెడలో వేలాడే పెద్ద డ్రమ్, ఒంటి మీద మందపాటి యూనిఫాం.

ఇప్పుడు అసలు ధర్మసందేహానికి వద్దాం.

మీకు తెలిసిందే, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుష్యమాసంలో ఉండవు, గురు మూఢం, శుక్ర మూఢం వస్తే ఉండవు. మిగిలిన కొద్ది రోజుల్లో మంచి ముహూర్తం వచ్చిందంటే ఊరంతా అదే రోజు పెళ్లి. ఒకే రోజు ఒక సెట్టుకి నాలుగు ఫోన్లు వస్తాయి. నెలరోజుల ముందే ఒక మామూలు ఇంటివాళ్లు వచ్చి బయానా ఇచ్చి వెళ్లారు. పెళ్లి వారం ఉందనగా ఇంకో పెద్దింటివాళ్లు ఫోన్ చేసి రెట్టింపు ఇస్తామన్నారు. వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు అనడానికి వాదన బలంగానే ఉంది. ఆయన సంపాదించే రోజులు ఏడాదిలో కొన్నే. ఖాళీ నెలల్లో ఇంటి కిరాయి ఎవరూ ఆపరు. మనం ఒక కంపెనీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి, చేరే రోజుకి ఇంకో కంపెనీలో చేరిపోతాం. దాన్ని కెరీర్ అంటాం. అదే పని డోలు వాయించే ఆయన చేస్తే "వీళ్లని నమ్మలేం" అంటాం. ఈ తేడా నాకు నచ్చదు. ఒకరికి తెలివి అయింది ఇంకొకరికి మోసం ఎలా అవుతుంది?

అయినా సరే, వెళ్లకూడదనే నేను అంటాను. కారణం బయానా డబ్బులు కాదు, అవి తిరిగి ఇచ్చేయొచ్చు. మాట ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఎదుటివాళ్లు వెతకడం ఆపేస్తారు. మేళం కుదిరింది అని పెళ్లికూతురి తండ్రి లిస్టులో టిక్కు పెట్టుకుని వంటవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు. ఆయన ఆపేసిన ఆ వెతుకులాటని నెల తర్వాత ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ముహూర్తం వారంలో ఇంకో మేళం దొరకదు. మన మాట వల్లే ఆయన నిరాయుధుడయ్యాడు. అక్కడ ఆయన్ని వదిలేయడం, మొదట్లోనే "కుదరదు" అనడం ఒకటి కావు. ఆఫర్ లెటర్ సంగతి కూడా ఇదే కొలతతో కొలవాలి. నేను దాచుకోవడం లేదు. అక్కడ కంపెనీకి ఇంకో పదిమంది రెజ్యూమెలు చేతిలో ఉంటాయి కాబట్టి నష్టం తక్కువ. నష్టం తక్కువ అనేదొకటే తేడా, తప్పే లేదని కాదు.

ఇక్కడ నాకు మహాభారతంలో అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకి చెప్పిన ధర్మవ్యాధుడి కథ గుర్తొస్తుంది. అందులో మనం వ్యాధుడినే గుర్తుపెట్టుకుంటాం, ముందు వచ్చే ఇల్లాలిని వదిలేస్తాం. కౌశికుడు తపస్వి. చూపుతోనే కొంగని కూల్చినవాడు. ఆయన ఒక ఇంటి ముందు భిక్షకి నిలబడ్డాడు. ఆ ఇల్లాలు భిక్ష తేబోతుంటే భర్త ఆకలితో వచ్చాడు. ఆమె భర్తకి అన్నం పెట్టి, సేవ చేసి, అప్పుడు బయటికి వచ్చింది. కౌశికుడికి కోపం వచ్చింది. నీ కోపానికి పడిపోవడానికి నేను కొంగని కాదు అని ఆమె అన్నదని కథ. ఆ భార్యాభర్తల లెక్కని ఈ రోజుల్లో మనం ఎలా చదవాలన్నది వేరే చర్చ, ఇంకో పోస్టుకి సరిపోతుంది. నాకు పనికొచ్చేది ఒక్కటే. గుమ్మంలో ఎంత పెద్దవాడు నిలబడ్డా సరే, ముందు తన చేతిలో ఉన్న పని అయ్యాకే ఆయన పని. పెద్దింటి ఫోన్ వచ్చినా సరే, ముందు బయానా ఇచ్చిన ఇల్లే. ఆ ఇల్లాలు ఆయన్ని ఎక్కడికి పంపిందో కూడా చూడండి. మిథిలలో మాంసం అమ్ముకునే ఒక మనిషి దగ్గరికి. ధర్మం తెలిసినవాడు అక్కడ ఉన్నాడని.

ఇది ఇంకో ప్రశ్నకి దారి తీస్తుంది. మన చానల్ చూసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. డబ్బులు తీసుకుని దేవుడి ముందు వాయిస్తే అది భక్తి అవుతుందా, సర్వీస్ అవుతుందా?

మిథిల వ్యాధుడు మాంసం ఊరికే పంచలేదు. అమ్మాడు. భారతం దాన్ని తక్కువ చేసి చెప్పలేదు. డబ్బు వచ్చినంత మాత్రాన భక్తి పోతుందనేది, నా ఉద్దేశంలో, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్లు పెట్టుకున్న రూలు. షేక్ చినమౌలానా గారి సంగతి చూడండి. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. ముస్లిం. గుళ్లలో నాదస్వరం వాయించే కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తర్వాత శ్రీరంగం వెళ్లి అక్కడే స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఆయన వెళ్లిపోయారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల వృత్తి అది, కచేరీకి పారితోషికం ఉంటుంది. వాళ్ల మతం వేరు. అయినా ఆ రాగాలాపన వింటూ ఇది భక్తి కాదు అని ఎవరైనా అనగలరేమో ఒకసారి యూట్యూబ్‌లో విని చూడండి. నాకు నోరు రాదు.

మన ఓరుగల్లు పాలకులకి ఈ విషయంలో మనకన్నా స్పష్టత ఉండేదనిపిస్తుంది. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఉంది. ఊరు ఇప్పటి గుంటూరు జిల్లా వైపు, మందడం పక్కన. విశ్వేశ్వర శివాచార్యులకి ఇచ్చిన దానాన్ని ఆయన ఎలా పంచారో అందులో రాయించారు. గుడి, మఠం, చదువు, వైద్యం, ప్రసూతిశాల, అన్నసత్రం. ఆ లిస్టులోనే నాట్యం చేసేవాళ్లు, పాడేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి భూమి కేటాయించారు. "దేవుడి సేవే కదా, పుణ్యం వస్తుంది, ఊరికే చేయండి" అని చెక్కించలేదు. రోజూ రావాలంటే రోజూ తినాలి అనే సింపుల్ విషయం శాసనంలోకి ఎక్కింది. దానికి కొన్ని దశాబ్దాల ముందే, 1213లో కట్టిన రామప్ప గుడి రాళ్ల మీద నర్తకుల పక్కనే వాద్యకారులని కూడా చెక్కారు. మనం మదనికల ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం. ఈసారి పాలంపేట వెళ్లినప్పుడు మద్దెల మీద చెయ్యి వేసి ఉన్నవాళ్లని కూడా వెతకండి. (వాళ్లు కూడా ఎప్పుడూ లేటు కాదు.)

ఇప్పుడు నాకు నిజంగా మనసులో గుచ్చుకునే విషయం చెప్తా. నిష్కామకర్మ. మన బ్లాగుల్లో, రీల్స్‌లో అందరం వాడే మాట. పని మీదే నీకు అధికారం, ఫలితం మీద కాదు అని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. ఎవరికి చెప్పాడు? ధనుస్సు కింద పెట్టేసిన అర్జునుడికి, అంటే పని చేయాల్సినవాడికి. పని చేయించుకునేవాడికి కాదు. మేళం వాళ్లు మిగతా డబ్బులు అడిగితే "అమ్మవారి పని కదన్నా, చూసుకుందాంలే" అనే ఆర్గనైజర్ గీతని తలకిందులుగా పట్టుకున్నాడు. ఫలితం ఆశించకుండా పని చేయడం నేను నా మీద పెట్టుకోగలిగిన నియమం. ఎదుటివాడి మీద పెడితే దానికి వేరే పేరు ఉంది, వెట్టి.

పెళ్లిలో జరిగేది గమనించండి. పొద్దున నాలుగింటికి వచ్చినవాళ్లు. ముహూర్తం అయిపోయింది, తలంబ్రాలు అయిపోయాయి, మూడు బంతులు లేచాయి. మేళం వాళ్లు ఇంకా మెట్ల దగ్గర డోలుకి గుడ్డ చుట్టి కూర్చుని ఉంటారు, పిలుస్తారేమోనని. చివరి బంతిలో వడ్డించేసరికి స్వీటు అయిపోయి ఉంటుంది. తర్వాత డబ్బులు ఇవ్వాల్సిన మనిషి అప్పగింతల హడావుడిలో కనపడడు. ఆ తర్వాత "గట్టిమేళం అప్పుడు కాస్త తగ్గింది కదా" అని ఐదొందలు కట్. సన్నాయి, డోలు పట్టేవాళ్లలో చాలామంది తరతరాలుగా నాయీబ్రాహ్మణ కుటుంబాల వాళ్లని, డప్పు కొట్టే చేతులు ఎవరివో మనకి తెలుసని, ఆ మెట్లకీ వాళ్ల కులాలకీ సంబంధం ఉందని చెప్పకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది. వాద్యాన్ని మంగళవాద్యం అన్నాం. వాయించినవాడిని మంగళంగా చూశామా?

నిబద్ధత అనే మాటలో బద్ధం ఉంది. కట్టుబడడం. తాడుకి రెండు కొసలు ఉంటాయి. ఒక కొస వాళ్ల నడుముకి కట్టి, రెండో కొస మన చేతిలో వదులుగా పట్టుకుంటే అది కట్టుబాటు కాదు.

సరే, మళ్లీ మిషన్ ప్రశ్నకి. మనిషి రావడానికీ మిషన్ మోగడానికీ తేడా ఏంటి? నాకు దొరికిన జవాబు ఇది. మిషన్ రాకుండా ఉండలేదు. కరెంటు పోతే ఆగుతుంది, ఉంటే మోగుతుంది. దానికి ఇంకో దారి లేదు. మనిషికి పొద్దున లేవగానే రాకుండా ఉండటానికి పది కారణాలు ఉంటాయి, అందులో తొమ్మిది న్యాయమైనవే. అవన్నీ ఉండగా వచ్చాడు. రాకపోవచ్చు అన్నది నిజంగా ఉంటేనే వచ్చాడు అన్న మాటకి బరువు. అమ్మవారికి మనం సమర్పించేది ఆ బరువే అనుకుంటాను. శబ్దం మాత్రమే కావాలంటే మోటారు చాలు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అలా అయితే ఎప్పుడూ ఊగిసలాడి, కష్టం మీద వచ్చేవాడే గొప్ప భక్తుడా? రావాలా వద్దా అనే ఆలోచనే లేకుండా వచ్చేసేవాడు మిషన్‌తో సమానమా? ఈ చిక్కు తీర్చడానికి నాకు అన్నమయ్య లెక్క సాయపడింది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాసి ఉన్నదాని ప్రకారం ఆయన 1424లో, తన 16వ ఏట మొదలుపెట్టి, 1503లో వెళ్లిపోయేదాకా రోజుకి ఒక్కటికి తగ్గకుండా సంకీర్తనలు చెప్పారు. మొత్తం 32 వేలు అని సంప్రదాయం. 79 ఏళ్లని 365తో గుణిస్తే దాదాపు 28,800 రోజులు. అంటే రోజుకి ఒకటి, అప్పుడప్పుడు రెండు. లెక్క ఎంత మామూలుగా ఉందో చూడండి. ఒక రోజున వంద రాసి పది రోజులు సెలవు తీసుకున్న మనిషి లెక్కలా లేదు. ఆ వేలల్లో మనలో చాలామందికి తెలిసినవి యాభై కూడా ఉండవు. మిగతావి ఏం చేశాయి? ఆ యాభై వచ్చే రోజున ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాయి. మొదటి ఏడాది ప్రతిరోజూ నిర్ణయం తీసుకుని ఉంటారు. ఇరవయ్యో ఏడాదికి ఆ నిర్ణయమే ఆయన స్వభావం అయిపోయి ఉంటుంది. మిషన్‌కి అలవాటు ముందే బిగించి ఇచ్చారు, మనిషి దాన్ని రోజూ కొంచెం కొంచెంగా తనే కట్టుకున్నాడు. పైకి రెండూ ఒకేలా కనపడతాయి.

బ్యాండ్ వాళ్ల దగ్గర ఇది ఇంకో రకంగా ఉంటుంది. బరాత్‌లో పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఒకే పాట పదిసార్లు వేయమంటారు. క్లారినెట్ ఆయనకి ఆ పాట ఆ సీజన్‌లో ఎన్నోసారో. కానీ ఆ పెళ్లికొడుక్కి అదే మొదటిసారి, ఆఖరుసారి. ఈ సంగతి గుర్తున్న బ్యాండ్‌కీ లేని బ్యాండ్‌కీ తేడా వీధి చివర నుంచే తెలిసిపోతుంది. జపమాల తిప్పేవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. నూటెనిమిదోసారి కూడా మొదటిసారిలా అనగలగడమే కదా మనకి కష్టం.

ఐనవోలు, కొమురవెల్లి జాతరలకి వెళ్లినవాళ్లకి ఒగ్గు పూజారులు తెలుసు. మల్లన్న పట్నం వేసి, డోలు, తాళాలతో రాత్రంతా కథ నడుపుతారు. మన జనగామ వైపు మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య గారి ఒగ్గుకథకి సంగీత నాటక అకాడమీ దాకా గుర్తింపు వచ్చింది. నేను ఆ కథనం చూసినప్పుడు గమనించింది పక్క వాద్యాల వాళ్లని. కథకుడికి పేరు, కెమెరా, శాలువా ఉంటాయి. వెనక డోలు వాళ్లకి తెల్లారేదాకా తాళం తప్పకపోవడం ఒక్కటే పని. ఆ ఒక్కరు కునుకు తీస్తే కథ కూలిపోతుంది, తీయకపోతే ఎవరూ గమనించరు. మా ఫీల్డ్‌లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి ఈ బాధ అర్థమవుతుంది.

ఇక మన సొంత బ్యాండ్ల సంగతి. ఈమధ్య మన వయసు వాళ్లు గిటార్, కహోన్, కీబోర్డుతో భజన టీములు పెడుతున్నారు. చాలా మంచిది. నేను కూడా వీకెండ్‌లో ఒక టీములో కహోన్ వాయిస్తాను. ఐదుగురం. అందరికీ టాలెంట్ ఉంది. కానీ వాట్సాప్ గ్రూపులో రిహార్సల్ అనగానే వచ్చే జవాబు "ట్రై చేస్తా". ఈ మాట నాకు ఈమధ్య చాలా చిరాకు తెప్పిస్తోంది. పైన చెప్పాను కదా, మాట ఇస్తే ఎదుటివాళ్లు వెతకడం ఆపేస్తారు. కాదు అంటే ఇంకొకరిని వెతుక్కుంటారు. "ట్రై చేస్తా" అంటే ఆ రెండూ చేయనివ్వం. వాళ్లని అలాగే వేలాడదీసి, మనం మాత్రం మంచివాళ్లుగా మిగిలిపోతాం. బయానా తీసుకున్న ఏ డోలు విద్వాంసుడూ "ట్రై చేస్తా" అనడు. వస్తా అంటాడు, లేదా ఫలానా ఆయన్ని పంపిస్తా అంటాడు.

ఆ రెండో మాట చాలా ముఖ్యం. మేళం వాళ్లకి కూడా రాలేని రోజులు వస్తాయి. ఇంట్లో చావు జరిగితే మైల. గుడికి రాకూడదు, పెళ్లికి రాకూడదు. అంటే మన ఆచారమే ఆయన్ని ఆపేస్తుంది. అయినా సేవ ఆగకూడదు. అందుకే పాత గుళ్లలో వంతులు ఉండేవి. అన్న వంతు, తమ్ముడి వంతు, పెదనాన్న కొడుకు వంతు. ఒకరు రాలేకపోతే ఇంకొకరు. నమ్మకం అనేది ఒక్క మనిషి గుండె ధైర్యం మీద పెట్టలేదు, ఒక వరస మీద పెట్టారు. ఎట్టి పరిస్థితుల్లోనూ వస్తా, తండ్రి పోయినా వస్తా అనే సినిమా హీరోలు మన సంప్రదాయానికి అవసరం లేదు. రాలేనప్పుడు ముందే చెప్పి, తన స్థానంలో ఒకరిని నిలబెట్టినవాడు మాట తప్పలేదు. అలా నిలబెట్టాలంటే తను పిలిస్తే వచ్చే నలుగురు ఉండాలి. అంటే తను కూడా ఆ నలుగురి కోసం ఎన్నోసార్లు వెళ్లి ఉండాలి.

ఇప్పుడు ఆ వరస చిన్నదైపోతోంది. నాతో ఇంజనీరింగ్ చదివిన ఒకతని నాన్న సన్నాయి విద్వాంసుడు. ఇతను పుణెలో టెస్టింగ్ ఉద్యోగంలో ఉన్నాడు. నాన్నే వద్దన్నాడట వాద్యం, ఆ మెట్ల మీద కూర్చోవడం నీకెందుకు అని. ఆయన నిర్ణయాన్ని తప్పు పట్టడానికి నాకేం హక్కుంది? వంశపారంపర్యంగా రావాల్సిన కళ అంతరించిపోతోంది అని బాధపడుతూ పోస్టు పెట్టడం తేలిక. ఆ బాధ పడేవాళ్లలో తమ పిల్లల్ని డోలు నేర్చుకోవడానికి పంపేవాళ్లు ఎంతమంది? తిరుపతిలో టీటీడీ నాదస్వరం, డోలు పాఠశాల నడుపుతోంది. ఆ చదువు ఏ ఒక్క కులానిదీ కానక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్లలో గిటార్ క్లాసు పక్కన డోలు క్లాసు ఉంటే ఎలా ఉంటుందో అప్పుడప్పుడు ఊహించుకుంటాను. సెక్యూరిటీ వాళ్లు కంప్లయింట్ పుస్తకం పట్టుకుని పైకి వస్తారు, అది ఖాయం.

శ్రావణం దగ్గర్లోనే ఉంది, ముహూర్తాలు మొదలవుతాయి. మీ ఇళ్లలో పెళ్లి పనులు పంచుకునేటప్పుడు కార్ల డ్యూటీ ఒకరికి, ఫోటోల డ్యూటీ ఒకరికి వేస్తారు కదా. మేళం వాళ్లని భోజనానికి పిలిచే డ్యూటీ, వాళ్ల డబ్బులు కవర్లో పెట్టి ముహూర్తం అవగానే చేతికిచ్చే డ్యూటీ కూడా ఒకరి పేరు మీద రాయండి. మా కజిన్ పెళ్లికి ఆ లిస్టులో నా పేరు నేనే రాసుకున్నాను. రెండో బంతిలో కూర్చోబెట్టాం. పెద్దాయన ముందు మొహమాటపడ్డాడు, తర్వాత పూర్ణం బూరె ఇంకోటి వేయమన్నాడు.